పూల కాలంలో మోడు చూడబోయి

ఆగస్టు చివర్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఉన్నవాళ్లు కింగ్స్ పార్క్‌కు పూలు చూడ్డానికి వెళ్తారు. నేను ఆకు ఒక్కటీ లేని బోఆబ్ అనే లావుమాను చెట్టు కోసం బయల్దేరాను. "ఇప్పుడది మోడుగా ఉంటుంది అత్తయ్యా, జనవరిలో అయితే బావుండేది" అని అల్లుడు ముందే చెప్పాడు. మోడుగా ఉన్నప్పుడే చూడాలన్నాను. ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పీ చెప్పీ రిటైరైనదాన్ని. ఆకుల్లో ఉన్నప్పుడు చెట్టు అన్నీ కప్పేసుకుంటుంది. కొమ్మ ఎక్కడ నరికారో, గాయం ఎక్కడ మానిందో తెలిసేది ఆకు రాలాకే.

ఈ చెట్టు గురించి నేను మొదట చదివింది 2008లో. ట్రక్కు మీద మహావృక్షాన్ని పడుకోబెట్టి రోడ్డు మీద తీసుకెళ్తున్న ఫొటో. 36 టన్నుల బరువు, 14 మీటర్ల ఎత్తు, సుమారు 750 ఏళ్ల వయసు, 3,200 కిలోమీటర్ల ప్రయాణం. ఆ అంకెలు చదివి నేను పెదవి విరిచాను. ముసలి చెట్టు, అంత దూరం, ఏడాది తిరిగేసరికి ఎండిపోతుందిలే అనుకున్నాను. ఎండిపోలేదు. అమ్మాయి పెర్త్‌లో స్థిరపడ్డాక ఫోన్ చేసినప్పుడల్లా ఆ చెట్టు సంగతి అడుగుతూనే ఉన్నాను.

కింగ్స్ పార్క్ ఊరి నడిబొడ్డునే, స్వాన్ నది ఒడ్డున గుట్ట మీద ఉంది. ఈ నేల అసలు వారసులైన నూంగార్ జనం ఆ గుట్టను కార్టా గారప్ అంటారు. మొత్తం 400 హెక్టార్లు. అందులో మూడింట రెండు వంతులు అసలున్న అడవినే వదిలేశారు, తోటగా మార్చింది తక్కువ. ఒక పక్క ఆఫీసు భవనాల అద్దాలు మెరుస్తుంటే ఇంకో పక్క బాంక్సియా పొదలు. లోపలికి పోయే ఫ్రేజర్ అవెన్యూకి రెండు వైపులా తెల్లటి నున్నటి మానులతో నిమ్మవాసన జామాయిల్ చెట్లు నిలబడి ఉంటాయి. మనవైపు జామాయిల్ అంటే పేపరు మిల్లు లారీల్లో పోయే సన్నపు కర్రలే కదా. పెరగనిస్తే అది ఎంత ఠీవిగా ఉంటుందో అక్కడ తెలిసింది. అవీ ఈ నేల చెట్లు కావు, ఆస్ట్రేలియా తూర్పు తీరంలోని క్వీన్స్‌లాండ్ నుంచి తెచ్చినవి.

పార్కు లోపల బొటానిక్ గార్డెన్ 17 హెక్టార్లే. 1965లో తెరిచారు. గులాబీలు, క్రోటన్లు ఉండవు. పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రంలో పుట్టిన మొక్కలే, మూడు వేల జాతులకు పైగా. ఒక రాష్ట్రం మొక్కలతో తోటేమిటి అనిపిస్తుంది గానీ ఆ రాష్ట్రం విస్తీర్ణం భారతదేశంలో నాలుగింట మూడు వంతులకు మించి ఉంటుంది. ఆ రోజు మడుల నిండా ఎవర్‌లాస్టింగ్ పూలు, గులాబీ రంగువీ తెల్లవీ. రేకుల్లో తడే ఉండదు, వేలితో తాకితే గలగలమంటాయి. ఎరుపూ ఆకుపచ్చా కలిసిన కంగారూ పాదం పూల ముందు ఫొటోల కోసం జనం వరస కట్టారు. వాళ్లను దాటుకుని ఫారెస్ట్ డ్రైవ్ వైపు నడిచాం.

మలుపు తిరగగానే కనబడింది. ముందు అర్థమయ్యేది కొలతలు కాదు, ఆకారం. నీళ్ల కాగు మీద కొమ్మలు నాటినట్టుంది. కింద రెండున్నర మీటర్ల అడ్డం ఉన్న బూడిదరంగు మాను. పైకి పోయేకొద్దీ సన్నబడి ఒక్కసారిగా లావుపాటి కొమ్మలుగా చీలిపోయింది. అప్పుడే జల్లు కురిసి వెలిసింది. మాను మీద నీళ్లు జారిన చోట నల్లటి చారలు, మిగతాచోట లేత బూడిదరంగు. చుట్టూ కొన్ని చిన్న బోఆబ్‌లు ఉన్నాయి. వాటిని విడిగా చూస్తే పెద్దవే, దీని పక్కన పిల్లలు.

"అమ్మమ్మా, అది చచ్చిపోయిందా?" అంది మనవరాలు.

నిద్రపోతోందన్నాను. పంతులమ్మ బుద్ధి ఊరుకోదు కదా, పైపొట్టు కింద పలచటి ఆకుపచ్చ పొర ఉంటుందనీ, ఆకుల్లేని కాలంలో ఆ పొరే కొద్దికొద్దిగా ఆహారం తయారుచేస్తుందనీ కూడా చెప్పాను. అది వినకుండానే ఉడత ఉందేమోనని వెతకబోయింది.

నేను చూడాలనుకున్నవి కొమ్మల చివర్లు. రోడ్డు మీద పట్టడానికి కొమ్మలు బాగా కత్తిరించారు. తొడంత లావు కొమ్మ చటుక్కున మొండిగా ఆగిపోతుంది. దాని అంచు చుట్టూ పొట్టు పెదవిలా ముడుచుకుని ఉంటుంది. ఆ మొండి కింది నుంచి బొటనవేలంత లావున నాలుగైదు రెమ్మలు. పాతదానికీ కొత్తదానికీ మధ్య ఆ లావు తేడా కొమ్మకొమ్మకూ కనిపిస్తుంది. 2008 ఎక్కడ ముగిసిందో, ఆ తర్వాతి ఏళ్లు ఎక్కడ మొదలయ్యాయో చెట్టు మీదే చదువుకోవచ్చు. ఆకులుంటే ఇదేమీ కనపడదు.

దీని సొంతూరు రాష్ట్రానికి ఉత్తర కొసన ఉన్న కింబర్లీ ప్రాంతం. వార్మున్ అనే చిన్న ఊరి దగ్గర, గిజా ఆదివాసుల నేల మీద పుట్టింది. బోఆబ్‌ను వాళ్లు జుములు అంటారు. గ్రేట్ నార్తర్న్ హైవే మీద కొత్త వంతెన పనికి ఇది అడ్డమొచ్చింది. కొట్టేయకుండా బతికించాలని నిర్ణయించాక గిజా వాళ్లు తమ ఆచారం ప్రకారం వీడ్కోలు చెప్పి, రాష్ట్ర ప్రజలందరికీ కానుకగా ఇచ్చారు. అందుకే దాని పేరు గిజా జుములు. జులైలో వేళ్లు నరికి, క్రేన్లతో లేపి, పొడవాటి ట్రెయిలర్ మీద పడుకోబెట్టారు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి రోడ్డు మీద ఎంత దూరమో దానికి కాస్త తక్కువ ప్రయాణం. ముందూ వెనకా పోలీసు బళ్లు. 2008 జులై 20న పెర్త్ చేరింది. ఇక్కడ నూంగార్ పెద్దలు స్వాగతం పలికారు. ఒకరి నేల మీద పుట్టినదాన్ని ఇంకొకరి నేలలో నాటేటప్పుడు ఇద్దర్నీ కలుపుకోవడం నాకు నచ్చింది. అసలు వంతెనను కాస్త పక్కకు జరపలేకపోయారా అన్న సందేహం మాత్రం నాకింకా పోలేదు.

జులైలోనే ఎందుకు తీశారన్నది ఏ వ్యవసాయదారుడికి చెప్పినా ఇట్టే అర్థమవుతుంది. కింబర్లీలో అది పొడి కాలం, వానలుండవు, చెట్టు ఆకు రాల్చేసి ఉంటుంది. ఆకు లేకపోతే నీటి ఖర్చు లేదు. వేళ్లు తెగినా కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. పైగా బోఆబ్ మానులో చేవ ఉండదు, మెత్తటి పీచూ నీళ్లూ. ఆ 36 టన్నుల్లో చాలా భాగం నీళ్లే. తన సొంత చెరువును మోసుకొచ్చిందన్నమాట. ఆ వయసు చింతనో మామిడినో ఇలా తరలిస్తే బతకడం కష్టం.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ రోజు వాన. పెర్త్‌లో వానలు చలికాలంలో, మే నుంచి సెప్టెంబరు దాకా. వేసవి ఎండగా ఉంటుంది. కింబర్లీలో సరిగ్గా తలకిందులు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వేడి, దాంతోపాటే కుండపోత. అంటే ఈ చెట్టు పుట్టింది మనలాంటి ఋతుపవనాల దేశంలో. భూమధ్యరేఖకు ఉత్తరంగా హైదరాబాద్ ఎంత దూరమో దక్షిణంగా వార్మున్ దాదాపు అంతే. రెండూ 17 డిగ్రీల దగ్గరే. పెర్త్ 32 డిగ్రీల దగ్గరుంది. అమృత్‌సర్ అంత ఎడం.

కాబట్టి చెట్టు ఏం చేయాలి? వేడి రాగానే చిగురు వేయడం దాని అలవాటు. ఆ వేడితోపాటు రావలసిన వాన ఇక్కడ రాదు, తోటవాళ్లు పెట్టాలి. తీరా అది మోడై నిద్రపోతున్నప్పుడు, చుక్క నీరు అక్కర్లేనప్పుడు, చల్లటి వాన వారాల తరబడి మాను మీద కురుస్తుంది. నీళ్లు నిండిన మెత్తటి మానుకు చలితో కలిసిన తడి కంటే శత్రువు లేదు. ఒక్క చిన్న గాయం చాలు, కుళ్లు లోపలికి పాకడానికి. గుట్ట ఇసుకనేల కావడం దాని అదృష్టం, నీరు నిలవదు. మన రేగడిలో అయితే ఎప్పుడో పోయేది. దూరం మార్చడం క్రేన్లతో ఆరు రోజుల పని. కాలం మార్చడం అలా అయ్యేది కాదు, ఏటా దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిందే. చాలామంది ఆ ట్రక్కు ప్రయాణం గురించే గొప్పగా చెప్పుకుంటారు. నా మార్కులు మాత్రం తోటమాలులకు.

హైదరాబాద్ వాళ్లకు ఈ చెట్టు చుట్టాన్ని పరిచయం చేయక్కర్లేదు. గోల్కొండ నయాఖిలాలో హాథియోం కా ఝాడ్ ఉంది కదా, అది ఆఫ్రికా బావొబాబ్. దాదాపు 27 మీటర్ల చుట్టుకొలత. కొమ్మల్లోంచి ఎక్కి లోపలి డొల్లలోకి దిగొచ్చు. మా కాలేజీ పిల్లల్ని టూర్‌కు తీసుకెళ్లినప్పుడు లోపలి గోడల నిండా ప్రేమికుల పేర్లు చెక్కి ఉన్నాయి. బావొబాబ్‌లకు మడగాస్కర్‌లో ఆరు జాతులు, ఆఫ్రికా ఖండంలో ఒకటి, ఆస్ట్రేలియాలో ఈ ఒక్కటి. గోల్కొండకు మనుషులు తెచ్చారు. ఆస్ట్రేలియాకు మాత్రం ఏనాడో కాయలు సముద్రం మీద తేలుతూ వచ్చి ఉంటాయని శాస్త్రజ్ఞుల అంచనా. పార్కులోని దుకాణంలో ఆ కాయ ఒకటి చేతిలోకి తీసుకుని చూశాను. గోధుమరంగు డొప్ప, తేలిక, ఊపితే లోపల గింజలు కదిలాయి. డొప్ప మీద కత్తిమొనతో చెక్కిన కంగారూ, ఈము బొమ్మలు. కింబర్లీ ఆదివాసుల పాత విద్య అది. ధర చూసి మళ్లీ అరలో పెట్టేశాను. విమానాశ్రయంలో గింజల్ని ఎలాగూ రానివ్వరని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

ఆ రాత్రి అమ్మాయి స్నేహితులు కొందరు భోజనానికి వచ్చారు. పప్పుచారు వడ్డిస్తుంటే చెట్టు మాట వచ్చింది. ఒకబ్బాయి నిట్టూర్చి, "మేమూ అంతే కదా ఆంటీ, వేళ్లు తెంపుకుని వచ్చినవాళ్లం" అన్నాడు. "మీరు వీసాకు దరఖాస్తు పెట్టుకుని వచ్చారు బాబూ, అది రోడ్డుకు అడ్డమొచ్చింది" అన్నాను. అందరూ నవ్వారు గానీ నేను హాస్యానికి అనలేదు. ఏ చెట్టును చూసినా మన కథే చెప్పుకోవాలనిపిస్తే చెట్టు కనపడదు. నాకు గుర్తొచ్చింది చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు. వందల చెట్లు, రోడ్డు వెడల్పు కోసం ముప్పు వచ్చిపడింది, వాటి కోసం పోరాడినవాళ్లు ఉన్నారు. అక్కడ మాటామాటా పెరిగినప్పుడల్లా ఎవరో ఒకరు "తీసి వేరేచోట నాటితే సరి" అంటారు. మర్రి కూడా గట్టిదే, మొండి నాటినా చిగురిస్తుంది. నాటిన తర్వాతి పదేళ్లు ఎవరు చూసుకుంటారన్నది మాత్రం ఆ మాట అన్నవాళ్లు చెప్పరు.

ఇంకో సంగతి అమ్మాయి చెబితే తెలిసింది. చెట్టు వచ్చేసిన మూడేళ్లకు, 2011 మార్చిలో, వార్మున్‌ను వరద ముంచెత్తింది. ఇళ్లు పోయాయి, ఊరంతా ఖాళీ చేసి కునునర్రా పట్టణానికి వెళ్లాల్సివచ్చింది. ఎర్రమట్టీ తెల్లమట్టీ రంగులుగా బొమ్మలేసే గిజా చిత్రకారులకు ఆ ఊరు పేరు. వాళ్ల కళాకేంద్రంలోకీ నీళ్లొచ్చి ఎన్నో బొమ్మలు పాడయ్యాయి. ఊళ్లోవాళ్లు తర్వాత తిరిగి వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు.

చూడాలనుకునేవాళ్లకు: పార్కులోకి టికెట్ లేదు, ఫారెస్ట్ డ్రైవ్ పక్కన కారు ఆపితే పెద్దవాళ్లు కూడా నడవగలిగినంత దూరం. చెట్టు నిండుగా ఆకులతో కావాలంటే జనవరి, ఫిబ్రవరిలో వెళ్లండి. ఎండ నలభై దాటొచ్చు, టోపీ తప్పదు, ఈగలు ముక్కు మీదే వాలతాయి. పూలు కావాలంటే సెప్టెంబరు. రెండూ ఒకే ప్రయాణంలో దొరకవు.