పానగల్లు నీడకు రంగుల పొరలు

నల్లగొండ పట్టణానికి ఆనుకుని ఉన్న పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం మీద నా ఆర్ట్ జర్నల్‌లో (బొమ్మలు, రంగులు, రాతలు కలిపి నింపుకునే పుస్తకంలో) ఎదురెదురు పేజీలు రెండు చేయాలని చాలా కాలంగా అనుకుంటూ వచ్చి, ఈ వేసవిలో పూర్తి చేశాను. ఇది కందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం. ఒకే మంటపానికి మూడు వైపులా మూడు గర్భగుళ్లు ఉంటాయి. వాటిలో ఒకదానిలో లింగం వెనుక గోడ మీద ఒక స్తంభపు నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. పొద్దు తిరిగినా ఆ నీడ తిరగదు. వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుతురు స్తంభాల సందుల గుండా చెదిరి లోపలికి చేరేటట్టు ఆ మంటపాన్ని కట్టిన శిల్పుల లెక్క అది.

ఆ గోడను దగ్గరగా నిలబడి చూసిన ప్రతిసారీ నన్ను ఆకట్టుకునేది నీడ రంగు. దూరం నుంచి నల్లగా కనిపించే ఆ పట్టీలో రాతి బూడిద రంగు, దాని మీద ఏళ్ల తరబడి పేరుకున్న నూనె జిడ్డు, అక్కడక్కడా పసుపు కుంకుమల మరకలు, అన్నీ అలాగే కనిపిస్తాయి. కాకపోతే అన్నీ ఒక మెట్టు ముదురుతాయి. నీడ తన కింద ఉన్న దేనినీ కప్పేయదు. అందుకే ఈ విషయానికి పెన్సిల్ కన్నా పొరలు పొరలుగా వేసే రంగే తగినదని నాకు అనిపించింది. చివరి పొర ఎంత అందంగా వేశామన్నది తర్వాతి మాట, దాని కింద నాలుగు పొరలు ఇంకా ఊపిరి పీల్చుకుంటున్నాయా లేదా అన్నదే ఈ పనిలో నేను చూసుకున్న అసలు సంగతి.

కాగితం సంగతి క్లుప్తంగా చెబుతాను. తడి తగిలితే కాగితపు పోగులు ఉబ్బుతాయి, ఒక దిశలో ఎక్కువ, మరో దిశలో తక్కువ ఉబ్బడం వల్ల పేజీ వంకర తిరుగుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) కాగితమైతే ఆ వంకర చాలావరకు తగ్గుతుంది. పుస్తకం దారంతో కుట్టినదై ఉండాలి, ఎందుకంటే జిగురుతో అతికించిన పుస్తకం రెండు పేజీల మధ్య పూర్తిగా విచ్చుకోదు, నడిమి గాడిలో రంగు చేరి గడ్డకడుతుంది. సామాను కూడా పెద్దగా అక్కరలేదు. తెల్ల జెస్సో (రంగుకు ముందు కాగితానికి పట్టించే అడుగు పూత), కొన్ని అక్రిలిక్ రంగులు, మ్యాట్ మీడియం (రంగును పలచన చేయడానికి, కాగితాలు అతికించడానికి వాడే మెరుపు లేని అక్రిలిక్ జిగురు), వెడల్పాటి కుంచె, గడువు తీరిన ఏటీఎం కార్డు, స్టెన్సిల్ కత్తిరించుకోవడానికి పాత ఎక్స్‌రే ఫిల్ము, ఇంట్లో పోగుపడిన పాత కాగితాలు ఉంటే చాలు.

జెస్సో అనగానే ఇదేదో విదేశీ వస్తువని జంకే వాళ్లకు చేర్యాల నకాషీ చిత్రకారులను గుర్తు చేస్తాను. వాళ్లు ఖద్దరు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పట్టించి, ఆరబెట్టి, ఆ తర్వాతే ఎర్ర నేపథ్యం మీద బొమ్మ వేస్తారు. మనం డబ్బాలో కొనే జెస్సో చేసేదీ అదే పని: సుద్దపొడి, తెల్ల రంగు, అక్రిలిక్ జిగురు కలిసిన ఆ పూత కాగితం రంగును తాగేయకుండా ఆపుతుంది, పై పొర పట్టుకోవడానికి కొంచెం గరుకుతనం ఇస్తుంది. నేను దాన్ని కుంచెతో నున్నగా పరచలేదు. ఏటీఎం కార్డు అంచుతో పలచగా లాగి, కొన్నిచోట్ల కావాలనే మందంగా వదిలేశాను. ఎండిన తర్వాత ఆ గట్ల మీద రంగు తేలిపోయి, గాళ్లలో రంగు నిలిచి, రాతి మీది ఉలి గీతల్లాంటి గరుకు వచ్చింది.

మొదటి రంగుగా జాజు వేశాను. మా వైపు పల్లెల్లో గోడకు సున్నం వేసి అడుగున పట్టీగా పూసే ఎర్రమట్టి అది. దాని ఎరుపు ఇనుము తుప్పు వల్ల వచ్చినదే. రంగుల ట్యూబు మీద రంగుపొడిని తెలిపే కోడ్‌గా పీఆర్ 101 అని ఉండేది కూడా ఐరన్ ఆక్సైడే. మెత్తగా వస్త్రగాలితం పట్టిన జాజు పొడిని మ్యాట్ మీడియంలో కలిపి ఎడమ పేజీ అంతా పలచగా పరిచాను. అది తడిగా ఉండగానే తడిగుడ్డతో అక్కడక్కడా అద్ది తీసేస్తే, జెస్సో గాళ్లలో ఎరుపు నిలిచి గట్ల మీద తెలుపు బయటపడింది. నల్లగొండ చుట్టుపక్కల చలక నేలలో తొలి వాన పడ్డాక కనిపించే ఎరుపు అది. ఈ రంగును ట్యూబులో కొనుక్కోవచ్చు, కానీ ఈ ఊరి గుడి మీద చేసే పేజీకి ఈ నేల మట్టే అడుగు పొరగా ఉండాలన్నది నా పట్టుదల.

ఇక్కడే పొరల పనికి ప్రాణమైన విషయం ఒకటి చెప్పాలి. రంగుల్లో కింది దాన్ని కప్పేవి కొన్ని, కింది దాన్ని చూపించేవి కొన్ని ఉంటాయి. టైటానియం తెలుపు, పసుపు ఆక్సైడ్, మామూలు ఎర్ర ఆక్సైడ్ కప్పేస్తాయి. అల్ట్రామెరైన్ నీలం, థాలో నీలం, క్వినాక్రిడోన్ మెజెంటా వంటివి రంగు అద్దంలా కిందిది కనబడనిస్తాయి. ట్యూబు మీది కోడ్ ఒక్కటే నమ్ముకుంటే చాలదు, ఎందుకంటే రేణువుల పరిమాణాన్ని బట్టి పీఆర్ 101లోనే కప్పే రకమూ ఉంది, పారదర్శక రకమూ ఉంది. పరీక్ష సులువే. ఒక అట్టముక్క మీద పర్మనెంట్ మార్కర్‌తో నల్లని గీత గీసి, ఆరిన తర్వాత దాని మీదుగా రంగు లాగి చూడాలి. గీత కనబడకుండా పోతే అది కప్పే రంగు, గీత స్పష్టంగా కనబడితే పారదర్శకమైన రంగు. నా రంగులన్నిటికీ ఇలాంటి పట్టీ ఒకటి చేసి పుస్తకం వెనుక అట్టకు అతికించుకున్నాను, ప్రతి పొరకు ముందు దాన్ని చూసుకుంటాను. కప్పే రంగులను కిందకు, చూపించే రంగులను పైకి పెట్టుకుంటే పేజీకి లోతు దానంతట అదే వస్తుంది.

జాజు ఆరిన తర్వాత కాగితాల అతుకుడు. మంటపం స్తంభాల ఫొటోను జిరాక్సు తీయించాను. జిరాక్సు నలుపు ప్లాస్టిక్ పొడి కరిగి అంటుకున్నది కనుక తడి తగిలినా చెదరదు. ఇంక్‌జెట్ ప్రింటు అయితే చాలాసార్లు మీడియం తగలగానే అలుక్కుపోతుంది. పాత పంచాంగం పుటలు, ఒక శుభలేఖ లోపలి పలచని కాగితం, నల్లగొండ బస్సు టికెట్టు కూడా వాడాను. టికెట్టును నేరుగా అతికించకుండా దానికీ జిరాక్సు తీయించాను, ఎందుకంటే మెషీన్ టికెట్ల కాగితం వేడికి నల్లబడే రకం, హెయిర్ డ్రయ్యర్ పెట్టామంటే అక్షరాలు మాయమై ముక్క అంతా నలుపెక్కుతుంది. న్యూస్‌ప్రింటు కొన్నాళ్లకు పసుపెక్కి పెళుసుబారుతుంది కాబట్టి దాన్ని పై పొరల్లో వాడను, అడుగునే ఉంచుతాను. పలచని కాగితాన్ని మ్యాట్ మీడియంతో అతికిస్తే చూడదగ్గ మార్పు జరుగుతుంది: పోగుల మధ్య గాలి ఉన్నచోట మీడియం నిండి, తెల్లగా ఉన్న కాగితం పారదర్శకమవుతుంది, దాని కింది జాజు పైకి తేలుతుంది, పంచాంగపు అక్షరాలు మాత్రం గాలిలో నిలిచినట్టు ఉంటాయి. కాగితాలను కత్తెరతో కత్తిరించడం కంటే చేత్తో చింపడం మేలు, చిరిగిన అంచు రంగులో కలిసిపోతుంది.

కుడి పేజీ ఉదయసముద్రానిది. గుడి పక్కనే ఉన్న ఈ చెరువు కందూరు చోడుల నాటిదే. నేడు కృష్ణా నీటిని నిలుపుకునే రిజర్వాయరుగా నల్లగొండ దాహం తీరుస్తోంది. ఈ పేజీలో క్రమం తప్పకూడదని నాకు నేర్పింది మన పోచంపల్లి నేతగాళ్ల చిటికి (ఇక్కత్) పని. వాళ్లు నూలును చట్రం మీద సాగదీసి, తెల్లగా ఉండాల్సిన చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, లేత రంగులో ముంచుతారు. ఆ లేత రంగు మిగలాల్సిన చోట మళ్లీ కట్టి, అంతకంటే ముదురు రంగులో ముంచుతారు. చివర్లో కట్లు విప్పినప్పుడు రంగులన్నీ వేటి చోట అవి బయటపడతాయి. లేత నుంచి ముదురుకు వెళ్లడమే తప్ప వెనక్కు రావడం ఆ పనిలో లేదు. నేను రబ్బరు కట్టుకు బదులు పేపర్ టేపు వాడాను. టేపును ముందు చొక్కాకు ఒకటి రెండుసార్లు అంటించి జిగట తగ్గించి, చింపి, నీటి మీది మెరుపులు ఉండాల్సిన చోట అడ్డంగా అతికించాను. దాని మీద మొదట లేత పసుపు, అది ఆరాక మరికొన్ని టేపు ముక్కలు, తర్వాత పలచని థాలో నీలం, మళ్లీ టేపు, ఆఖరున అల్ట్రామెరైన్. పసుపు మీద పడిన థాలో నీలం పచ్చగా మారి, చెరువు గట్టున పెరిగే తుంగ రంగు వచ్చింది. టేపులన్నీ నెమ్మదిగా లాగేసరికి తెలుపు, పసుపు, పచ్చ, నీలం చారలు ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి. థాలో నీలం చాలా గడుసు రంగు, అగ్గిపుల్ల మొనకు అంటినంత తీసుకున్నా గిన్నెడు మీడియాన్ని నీలం చేస్తుంది, అందుకని ఎప్పుడూ మీడియంలోకి రంగును చేర్చాలి గాని రంగులోకి మీడియాన్ని కాదు.

పొరకు పొరకు మధ్య ఆరనివ్వడం గురించి ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది. జాజు లాంటి మట్టి ఎరుపు, నీలం రెండూ తడిగా ఉన్నప్పుడు కలిస్తే బురద గోధుమ రంగు పుడుతుంది. అదే ఎరుపు పూర్తిగా ఎండి, దాని మీద పారదర్శకమైన నీలం పడితే, వెలుతురు నీలంలోంచి దిగి ఎరుపును తాకి తిరిగి వస్తుంది, కంటికి లోతైన ఊదా ఛాయ కనిపిస్తుంది. రంగులు రెండూ అవే, తేడా అంతా ఆరడంలోనే ఉంది. అక్రిలిక్‌లో నీరు ఆవిరయ్యాక జిగురు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా బిగుస్తాయి, ఆపైన నీటికి కరగవు. వాటర్‌కలర్ అలా కాదు, ఆరినా తడి తగలగానే మళ్లీ కదులుతుంది. కనుక వాటర్‌కలర్ పెన్సిళ్లు వాడేవాళ్లు వాటిని అక్రిలిక్ పొరలన్నీ అయిన తర్వాత చివరికి ఉంచుకోవడం మంచిది.

ఇక నీడ. దీనికోసం నల్ల ట్యూబు ముట్టుకోలేదు. అల్ట్రామెరైన్‌కు పారదర్శకమైన బర్న్‌ట్ సియెన్నా కలిపితే చల్లని బూడిద నలుపు వస్తుంది, నీలం ఎక్కువైతే పొద్దుటి నీడ, సియెన్నా ఎక్కువైతే సాయంత్రపు నీడ అవుతుంది. ఆ మిశ్రమం ఒక పాలుకు మ్యాట్ మీడియం పది పాళ్ల దాకా కలిపాను. ఎక్స్‌రే ఫిల్ములో స్తంభం ఆకారం కత్తిరించుకుని, పంచాంగం పుట, జిరాక్సు స్తంభం, జాజు గోడ మూడింటి మీదుగా పెట్టి, మెత్తని కుంచెతో ఒక్కసారి మాత్రమే లాగాను. ఒక్క పూతకు నీడ ఉన్నదీ లేనిదీ తెలియదు. ఆరాక మరో పూత, అది ఆరాక మరొకటి. ప్రతిసారీ ఫిల్మును వెంట్రుకవాసి పక్కకు జరిపాను. దాంతో అంచు మెత్తబడి, నడుమ చిక్కబడింది. నిజమైన నీడకు కూడా అంచు కత్తితో కోసినట్టుండదు, వెలుతురు చెదిరి వచ్చే ఆ గుడిలో అసలే ఉండదు. ఇప్పుడు ఆ పట్టీలో పంచాంగపు తిథులు చదవవచ్చు, జాజు ఎరుపు కనిపిస్తుంది, జెస్సో గరుకు కూడా తెలుస్తుంది.

ఆ నీడను రెండు పేజీల నడిమి గాడి దాటించి చెరువు మీదికి కొంచెం సాగనిచ్చాను. గుడిలో నిజానికి అలా ఉండదు, కానీ రెండు పేజీలను కలిపేందుకు వేరే అతుకు పెట్టబుద్ధి కాలేదు. ఎగువన లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్టల ఆకారాలను కప్పే రంగుతో పలచగా తేల్చాను. తెల్ల జెల్ పెన్నుతో నీటి మెరుపులు నాలుగు, పెన్సిల్ రబ్బరు చివరను తెల్ల రంగులో అద్ది ముగ్గు చుక్కల వరుస ఒకటి పెట్టి, రాత మాత్రం నీడ లోపలే, మెత్తని పెన్సిల్‌తో రాశాను. మెరుపులు ఎక్కువైతే లోతంతా పైకి వచ్చేస్తుంది, అందుకే అక్కడే ఆపాను.

మన ఎండల గురించి ఒక మాట. రోహిణి కార్తెలో పళ్లెంలోని రంగు కుంచె ముంచేలోపే తోలు కడుతుంది. తడి జేబురుమాలును మడిచి దాని మీద బటర్ పేపరు పరిచి, ఆ కాగితం మీద రంగులు పెట్టుకుంటే చాలాసేపు తడిగా ఉంటాయి. పొర త్వరగా ఆరడం వేసవి ఇచ్చే లాభం, కానీ పైన ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉండవచ్చు, వేలి వెనుక భాగంతో తాకితే చల్లగా తగిలిందంటే ఇంకా తడి ఉన్నట్టే. పూర్తయిన అక్రిలిక్ పేజీలు వేడికి మెత్తబడి, పుస్తకం మూసి బరువు పెడితే ఒకదానికొకటి అంటుకుంటాయి. నేను ఈ రెండు పేజీల మధ్య కూడా బటర్ పేపరు పెట్టి, పుస్తకాన్ని బీరువా మీద కాకుండా గదిలో చల్లగా ఉండే కింది అరలో నిలువుగా ఉంచాను. తర్వాతి పేజీలకు పుట్టపాక తేలియా రుమాలు (నూనె పట్టించిన నూలుతో నేసే చిటికి గుడ్డ) ఎరుపు, నలుపు, తెలుపు తీసుకోవాలని ఉంది. మూడే రంగులతో ఎన్ని పొరలు నిలబడతాయో చూడాలి.