వాసాలు లెక్కపెట్టిన రోజు

ఇల్లు కురుస్తోందని ఫోన్‌లో మా నాన్నకి చెబుతుంటే, పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న మావాడు తలెత్తాడు. "అమ్మా, వాన కదా కురిసేది? ఇల్లెలా కురుస్తుంది?" వాడికి పదకొండేళ్ళు. తెలుగు బాగానే అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. అలాంటివాడు తెలుగులో అడిగేసరికి నాకు ఆ టెన్షన్‌లో కూడా ప్రాణం లేచొచ్చింది. కప్పు కారితే మనవైపు ఇల్లు కురుస్తోందనే అంటారని చెప్పాను.

మేముండేది న్యూజెర్సీలో. ఇంటి వెనక, మాకంటే ముందున్నవాళ్ళు కట్టించుకున్న గది ఒకటుంది. మిగతా ఇంటికి మంచి వాలుంది, ఈ గది కప్పు మాత్రం దాదాపు బల్లపరుపు. దానిమీద కూడా తారు షింగిల్సే, అంటే పెంకుల్లా ఒకదానిమీదొకటి పరిచే తారు పలకలే వేశారు. ఏప్రిల్ వానలకి సీలింగ్ మీద టీ ఒలికినట్టు ఒక మరక కనిపించింది. రెండో రోజుకి పళ్ళెమంతై, కిందికి ఉబ్బింది. ఉబ్బిన చోట స్క్రూడ్రైవర్‌తో బెజ్జం పెట్టి కింద బకెట్ పెట్టాను. లేకపోతే నీళ్ళ బరువుకి బోర్డంతా ఊడిపడుతుంది. పనివాడొకతను వచ్చి, మరకకి సరిగ్గా పైన నల్లటి తారుముద్ద పూసి వెళ్ళాడు. తర్వాతి వానకి మళ్ళీ కారింది.

మా నాన్నది తెనాలి దగ్గర పల్లె. నా చిన్నప్పుడు మాది నాటు పెంకుల ఇల్లు. ఏటా మృగశిర కార్తె రాకముందే నాన్న కప్పెక్కి పెంకులు సర్దేవారు, నేను కింద నుంచి అందించేదాన్ని. వీడియోలో మరక చూసి ఆయన అడిగిన మొదటి మాట, "వాలెంతుందమ్మా?"

అడుగు పొడవు లెవెల్‌ని (రసమట్టాన్ని) కప్పు మీద సమంగా పట్టుకుని, దిగువ చివర సందు కొలిచాను. అంగుళమున్నర. షింగిల్స్ వేయాలంటే అడుగుకి కనీసం రెండంగుళాల వాలుండాలి. రెండుకీ నాలుగుకీ మధ్యైతే షింగిల్స్ కింద పరిచే పొర రెట్టింపు వేయాలి. రెండుకన్నా తక్కువైతే షింగిల్స్ పనికిరావు, కప్పంతా నీళ్ళు దిగని షీటు పరచాల్సిందే. ఇదంతా నేను చదివి తెలుసుకున్నాను, నాన్నకి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "పెంకు నీళ్ళని ఆపదమ్మా, కిందికి పంపిస్తుంది. వాలు లేకపోతే ఎక్కడికని పంపుతుంది?" అన్నారు.

షీటు వేసేవాళ్ళకి ఆగస్టు దాకా ఖాళీ లేదు. అందాకా కారడమన్నా ఆపాలి.

ఆదివారం పొద్దున్న ఏడింటికి, అంటే అక్కడ సాయంత్రం నాలుగున్నరకి, నాన్న ఫోన్‌లో ఉండగానే మొదలుపెట్టాం. నానిన సీలింగ్ బోర్డు ముందురోజే కోసి తీసేశాను. మావాడు లోపల టార్చితో, నేను పైన తోటకి నీళ్ళు పెట్టే పైపుతో. చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కోచోట పావుగంట ఆగుతూ పైకి జరగాలి. తొందరపడి ముందే పైన తడిపితే కారేది ఎక్కడో తేలదు. చూరు దగ్గర ఏమీ లేదు, మధ్యలో ఏమీ లేదు. కప్పు ఇంటి గోడని తాకే చోట, ఆ సందుని కప్పే రేకు మీద నీళ్ళు పడగానే లోపల్నుంచి కేక.

"అమ్మా, వాటర్! హియర్, హియర్!"

ఎక్కడరా అంటే మళ్ళీ "హియర్" అంటాడు. అప్పుడు ఫోన్‌లోంచి నాన్న గొంతు. "అలా అంటే అమ్మకెలా తెలుస్తుంది నాన్నా? పక్క గోడ నుంచి వాసాలు లెక్కపెట్టి చెప్పు."

"వాసం అంటే ఏంటి తాతయ్యా?"

"నీ తలమీద వరసగా కర్రలున్నాయి చూడు, అవే."

కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "అమ్మా, మూడో వాసం! గోడకి ఆనుకున్నది కాకుండా మూడు!"

ఇక్కడి ఇళ్ళలో వాసానికీ వాసానికీ మామూలుగా పదహారంగుళాలు. మూడంటే నాలుగడుగులు. పైన గోడ చివర నుంచి టేపు పెట్టి చూస్తే, సరిగ్గా అక్కడే రెండు రేకుల అతుకు నోరు తెరుచుకుని ఉంది. నీళ్ళు అక్కడ దూరి, వాసం వెంట అయిదడుగులు జారి మరక దగ్గర చుక్కలుగా పడుతున్నాయి. తారుముద్ద పూసిన చోట ఏ లోపమూ లేదు.

ప్రతి ఆదివారం వాణ్ణి తెలుగు బడికి తీసుకెళ్తాను, మానిపించను. కానీ అక్కడ నేర్చుకున్న మాట వచ్చే ఆదివారం దాకా వాడి నోట మళ్ళీ వినపడదు. ఈ మాట అలా కాదు. అది లేకపోతే నేను పైన పైపు పట్టుకుని నిలబడే ఉండేదాన్ని. పిల్లలకి భాష కావాలంటే ఆ భాష లేకుండా సాగని పని ఒకటి వాళ్ళ చేతికివ్వాలని నాకు గట్టిగా అనిపించింది.

ఆ రాత్రి తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో చెప్పాను. "అన్నం పెట్టినవాళ్ళకి అలా ఎందుకు చేస్తారు?" అని వాడు చాలాసేపు బాధపడ్డాడు.

తర్వాతి శనివారం ఎండెక్కకముందే పని కానిచ్చాం. వేడెక్కితే షింగిల్స్ మెత్తబడి చిరిగిపోతాయి. చదునైన గునపంలాంటి పట్టీతో షింగిల్స్ మధ్య అంటుని నెమ్మదిగా విడదీసి, మేకులు లాగి, నానిన వరస తీసేశాను. అదృష్టం, కింద ప్లైవుడ్ గట్టిగానే ఉంది. ఆరాక అంటుకునే తారు షీటు పరిచి, గోడ మీదకి కూడా కాస్త ఎక్కించి, కొత్త షింగిల్స్ వేసి, సైడింగ్ (గోడకి బయట కొట్టే పలకలు) వెనక్కి దూర్చిన కొత్త రేకుని పాతదాని మీదకి నాలుగంగుళాలు ఎక్కించాను. మేకులు లెక్కపెట్టి అందించింది మావాడే, నిచ్చెన కదలకుండా పట్టుకుంది వాళ్ళ నాన్న.

అప్పటినుంచి మూడు వానలు పడ్డాయి. ప్రతిసారీ వాడు టార్చి తీసుకుని వెళ్ళి చూసి, మూడో వాసం మీద పెన్సిల్‌తో తేదీ వేసి, పక్కన తెలుగులో రాస్తున్నాడు. మొదటి రెండుసార్లు "కురవలేదు". మూడోది తొందరలో "కురవలెదు" అయింది. సీలింగ్‌కి కొత్త బోర్డు కొని గరాజ్‌లో పెట్టాను, ఇంకా బిగించలేదు.