యూబర్‌లింగెన్ పొలాల్లో యాయిజు జ్ఞాపకం

ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ నుంచి కాన్‌స్టెన్స్ సరస్సు వెంబడి సాగే రైలులో యూబర్‌లింగెన్ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆపిల్ తోటలూ, నీటికి అవతల ఆల్ప్స్ పర్వతాలూ కనిపించే ఈ జర్మన్ పట్టణానికి అందరూ సరస్సు కోసం వస్తారు. నేను మాత్రం ఊరి వెలుపలి పొలాల్లో ఉన్న స్మారకం కోసం వెళ్లాను. తెగిపోయిన ముత్యాలహారంలా అక్కడ ఉక్కు గోళాలను అమర్చారు. 2002 జులై 1 రాత్రి ఈ ఆకాశంలో రెండు విమానాలు ఢీకొని 71 మంది చనిపోయారు; వారిలో ఎక్కువమంది రష్యాలోని ఉఫా ప్రాంతం నుంచి బార్సిలోనాకు బయలుదేరిన పిల్లలు.

అక్కడ నిలబడినంతసేపూ నాకు జపాన్‌లోని యాయిజు గుర్తుకు వస్తూనే ఉంది. 2001 జనవరి 31న ఆ తీరం దగ్గర, నేల మీది నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్, అప్పుడు శిక్షణలో ఉన్నవారు, ఫ్లైట్ నంబరు పొరబడి, డీసీ-10 విమానానికి ఇవ్వవలసిన దిగమనే ఆదేశాన్ని బోయింగ్ 747కు ఇచ్చారు. విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ పరికరం 747ను పైకి, డీసీ-10ను కిందికి వెళ్లమంది. 747 కెప్టెన్ కంట్రోలర్ మాటనే పాటించడంతో రెండూ కిందికే దిగసాగాయి. పగటి వెలుగులో ఎదుటి విమానం కంటికి కనిపించింది కాబట్టి, ఆఖరి క్షణంలో సుమారు 135 మీటర్ల ఎడంతో తప్పుకోగలిగాయి. 677 మందీ బతికారు. అయితే ఆ కుదుపుకు 747లో సుమారు వందమంది గాయపడ్డారు.

యూబర్‌లింగెన్ మీద జరిగిందీ అదే, కాకపోతే చీకట్లో. పిల్లలున్న రష్యన్ విమానం టుపోలెవ్‌ను జ్యూరిక్ కంట్రోలర్ దిగమన్నారు, టీకాస్ ఎక్కమంది, సిబ్బంది దిగారు. అటు బోయింగ్ 757 తన టీకాస్ చెప్పినట్టే దిగింది. ఆ రాత్రి ఒంటరిగా రెండు తెరలు చూసుకుంటూ, ప్రధాన టెలిఫోన్ వ్యవస్థ కూడా పనిచేయని స్థితిలో ఉన్న ఆ కంట్రోలర్‌ను నిందించడం తేలికే గాని, యాయిజు తర్వాత పదిహేడు నెలలు గడిచినా ఎవరి మాట వినాలో ప్రపంచమంతటికీ ఒకే స్పష్టమైన నియమం లేకపోవడమే నాకు పెద్ద తప్పుగా తోస్తుంది. జపాన్ దర్యాప్తు నివేదిక సైతం ఆ జులైలోనే, ఈ ప్రమాదం జరిగాకే వెలువడింది.

రెండు సూచనలూ విరుద్ధమైతే టీకాస్‌నే పాటించాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో తేల్చిచెప్పింది. ఆ తరువాతి టీకాస్ 7.1 కూర్పులో, ఎదుటి విమానం సూచనను ఖాతరు చేయకుండా దిగుతూ ఉంటే ఇవతలి విమానానికిచ్చిన సూచనను తిరగవేసే ఏర్పాటును మెరుగుపరిచారు.