మాంటెనెగ్రో కొండల్లో నీళ్ళ లెక్క

మాంటెనెగ్రోలోని దుర్మితోర్ కొండలు ఎక్కేవాళ్ళు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి, పైన నీళ్ళు దొరకడం కష్టం. వానలు తక్కువై కాదు, మంచు కూడా బాగానే పడుతుంది. కొండ మొత్తం సున్నపురాయి. పడ్డ నీరు పడ్డట్టే పగుళ్ళలోంచి లోపలికి దిగిపోయి, ఎక్కడో కింద లోయలో ఊటగా బయటపడుతుంది. మాంటెనెగ్రోలో ఐదు జాతీయ పార్కులున్నాయి: దుర్మితోర్, బియోగ్రాడ్‌స్కా గోరా, లోవ్‌చెన్, స్కదర్ సరస్సు, ప్రొక్లెతియె. దేశం వైశాల్యం 14 వేల చదరపు కిలోమీటర్లు కూడా లేదు కాబట్టి వారంలో ఐదూ చుట్టేయొచ్చని చాలామంది లెక్క వేస్తారు. కానీ అక్కడివి మలుపుల రోడ్లు, వంద కిలోమీటర్లకు రెండు గంటలు వేసుకోవాలి. మూడు పార్కులు నిదానంగా చూడటమే మంచిది. దుర్మితోర్‌కు కనీసం మూడు రాత్రులు ఉంచుకోండి.

దుర్మితోర్‌కు మకాం జాబ్లియాక్. 1,456 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. రాజధాని పోద్‌గోరిత్స నుంచి బస్సులో మూడు గంటల దాకా పడుతుంది. ఊరి నుంచి నల్ల సరస్సుకు 3 కిలోమీటర్లు, నడిచే వెళ్ళొచ్చు. సరస్సు చుట్టూ దారి మూడున్నర కిలోమీటర్లు ఉంటుంది, పిల్లలూ పెద్దలూ హాయిగా నడుస్తారు. నిజానికి అవి సన్నటి పాయతో కలిసిన రెండు సరస్సులు. ఎండలు ముదిరి మట్టం దిగితే ఆ పాయ ఎండిపోయి రెండూ విడిపోతాయి. కొండ లోపలి నీళ్ళ లెక్క పైనుంచే కనబడే చోటు ఇది.

దుర్మితోర్‌లో ఎత్తైన బోబోటోవ్ కుక్ శిఖరం 2,523 మీటర్లు. నల్ల సరస్సు నుంచి మొదలుపెడితే 1,100 మీటర్లు ఎక్కాలి, ఎక్కడానికే ఐదారు గంటలు. సెడ్లో కనుమ దాకా కారులోనో టాక్సీలోనో వెళ్తే 1,907 మీటర్ల దగ్గర మొదలుపెట్టి మూడు, మూడున్నర గంటల్లో ఎక్కొచ్చు. టాక్సీ అయితే తిరుగు ప్రయాణానికీ ముందే మాట్లాడుకోండి, అక్కడి నుంచి బస్సులేవీ ఉండవు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి. జూన్‌లో కూడా నీడ పట్టున మంచు గట్టిపడి ఉంటుంది, మామూలు బూట్లతో దాని మీద అడుగేస్తే జారుడుబండే. అలవాటు లేనివాళ్ళకు జూలై నుంచి సెప్టెంబరు మధ్య దాకా మేలు.

దారి గుర్తు, రాళ్ళ మీద ఎర్ర వలయం, మధ్యలో తెల్ల చుక్క. ఒక గుర్తు దగ్గర నిలబడి తరువాతిది కనబడితేనే కదలండి. పొగమంచులో గుర్తు తప్పిందంటే కాలిబాటలా కనిపించే గొర్రెల దారి పట్టి పక్క లోయలోకి దిగిపోతారు. బోర్డుల మీద దూరం బదులు గంటలు రాసి ఉంటాయి, అవి కొండ అలవాటున్నవాళ్ళ గంటలు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇంకో మూడో వంతు కలుపుకోవాలి. చివర్లో గులకరాళ్ళ వాలు దాటాక రాతికి బిగించిన ఇనుప తాడు పట్టుకుని నడిచే చోటు వస్తుంది. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు తరచు. పిడుగుల వేళ ఆ తాడు పట్టుకోవడం చావును పట్టుకోవడమే. సెడ్లో నుంచి పొద్దున ఆరింటికల్లా బయలుదేరి, పదకొండింటికి శిఖరం చేరకపోతే ఎంత దగ్గరలో ఉన్నా వెనక్కి తిరగండి.

జాబ్లియాక్ నుంచి మొయ్‌కోవాత్స్ వెళ్ళే రోడ్డు తారా నది లోయ వెంట సాగుతుంది. దారిలో జుర్జెవిచా తారా వంతెన, నదికి 172 మీటర్ల పైన, 1940లో పూర్తయింది. 1942లో ఇటలీ సేనను ఆపడానికి పార్టిజాన్లు, అంటే ఆక్రమణదారులతో పోరాడిన గెరిల్లాలు, ఒక కమాను పేల్చేశారు. ఆ పనిలో సాయపడ్డ లాజర్ యౌకోవిచ్ ఈ వంతెన కట్టిన ఇంజనీర్లలో ఒకడు. ఇటలీ సేన అతన్ని పట్టుకుని కాల్చి చంపింది. ఇక్కడ కారు ఆపి వంతెన మీద నడవకుండా వెళ్ళకండి.

అదే రోడ్డు మీద ముందుకెళ్తే బియోగ్రాడ్‌స్కా గోరా, గొడ్డలి పడని అడవి. 1878లో ఇక్కడి జనం దీన్ని అప్పటి పాలకుడు నికోలాకు కానుకగా ఇచ్చారు, అప్పటి నుంచి కాపాడుతూ వచ్చారు. 1,094 మీటర్ల ఎత్తున సరస్సు, చుట్టూ మూడున్నర కిలోమీటర్ల బాట. కూలిన చెట్టును కూలినట్టే వదిలేస్తారు, దాని మీద నాచు, పుట్టగొడుగులు, చిన్న మొక్కలు. ఇక్కడ రాయి వేరు, నీటిని మింగదు. అందుకే అడుగడుగునా వాగులు. దుర్మితోర్‌లోలా నీళ్ళ బరువు మోయడం ఇక్కడ అక్కర్లేదు.

ప్రొక్లెతియె అంటే శాపగ్రస్తం అని అర్థం. 2009లో పార్కు అయింది. చాలాకాలం బోబోటోవ్ కుక్ శిఖరాన్నే దేశంలో ఎత్తైనదిగా చెప్పుకున్నారు, నిజానికి ఇక్కడి జ్లా కొలాతా 2,534 మీటర్లు. గుసినె దగ్గర అలీపాషా ఊటల్లో కొండ మింగిన నీళ్ళు నేలలోంచి ఉబికి రావడం కళ్ళారా చూడొచ్చు. అల్బేనియా సరిహద్దు దాటే కాలిబాటలకు ముందుగా అనుమతి తీసుకోవాలి.

వీసా దగ్గర ఒక చిక్కుంది. చెల్లుబాటయ్యే షెంగెన్ వీసాతో (చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) మాంటెనెగ్రోలోకి రానిస్తున్నారు, టికెట్ కొనేముందు దౌత్య కార్యాలయం సైటులో మరోసారి సరిచూసుకోండి. కానీ మాంటెనెగ్రో షెంగెన్‌లో లేదు, క్రొయేషియా 2023 నుంచి ఉంది. హైదరాబాద్ నుంచి సింగిల్ ఎంట్రీ వీసాతో క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్‌లో దిగి, ఇటొచ్చి, మళ్ళీ అక్కడి నుంచే విమానం ఎక్కాలనుకుంటే సరిహద్దులో ఆగిపోతారు. వీసా మల్టిపుల్ ఎంట్రీదై ఉండాలి.

లోవ్‌చెన్‌కు ఒక పూట చాలు. యెజెర్‌స్కి శిఖరం మీద కవి, పాలకుడు న్యేగోష్ సమాధి, ఎక్కాల్సినవి 461 మెట్లు. పార్కు టికెట్, సమాధి టికెట్ వేరువేరు. వేసవిలో కూడా గాలి చలిగా కొడుతుంది.

స్కదర్‌కు రైల్లో వెళ్ళండి, పోద్‌గోరిత్స నుంచి బార్ వైపు వెళ్ళే రైలు వీర్‌పజార్‌లో ఆగుతుంది. వేసవిలో 370 చదరపు కిలోమీటర్లుండే సరస్సు చలికాలం వానలకు 500 దాటి పరుచుకుంటుంది. అడుగున ఊటలున్నాయి, స్థానికులు వాటిని కన్ను అనే అర్థం వచ్చే ఓకో పేరుతో పిలుస్తారు. కొల్లేటి గూడబాతులను చూసినవాళ్ళకు ఇక్కడి దాల్మేషియన్ పెలికాన్ కాస్త తెలిసినదానిలాగే అనిపిస్తుంది, కాకపోతే ఇంకా పెద్దది, తల మీద ఈకలు రేగి ఉంటాయి. పడవ ఎక్కేముందు ఎన్ని గంటలు, ఎటు వైపు, మొత్తం ఎంత అన్నవి మూడూ తేల్చుకోండి. ఎండెక్కకముందే వెళ్ళండి. గూళ్ళ దగ్గరికి తీసుకెళ్తానన్న పడవ మాత్రం ఎక్కకండి, అలికిడికి తల్లి లేస్తే గుడ్లు ఎండపాలవుతాయి.