ఆరోగ్యం పేరుతో అఘాయిత్యం

మా వదిన రాత్రే గాజు సీసాలో ఓట్స్, చియా గింజలు, బాదం పాలు పోసి ఫ్రిజ్‌లో పెడుతుంది. తెల్లారేసరికి అది చెరువులో కప్పగుడ్ల ముద్దలా తయారవుతుంది. చెంచాతో ఎత్తితే జారదు, సాగుతుంది. "తినవయ్యా, ఫైబరు!" అంటుంది. అన్నయ్య మాత్రం కిమ్మనకుండా రెండు చెంచాలు మింగి, ఆఫీసుకి టైమైందని చెప్పి, వీధి చివర బండి దగ్గర ఉప్మా పెసరట్టు లాగించేస్తాడు. (నాకెలా తెలుసంటారా? పక్క ప్లేటు నాదే.)

ఆ బండి కూడా పాడైపోతోంది లెండి. మొన్నో కుర్రాడు దోసె మీద చాక్లెట్ సాస్ పోయించుకుని, పైన చీజ్ తురిమించుకుని, పక్కన అల్లం పచ్చడి అడిగాడు. తిన్నాడా? ముందు ఫొటో, తర్వాత వీడియో. ఈలోగా దోసె మెత్తబడి, చీజ్ బిగుసుకుపోయింది.

ఇక చిరుధాన్యాలు. ఐక్యరాజ్యసమితి 2023ను వాటి సంవత్సరంగా ప్రకటించాక కొర్రలకీ సామలకీ ఎక్కడలేని దర్జా వచ్చింది. సీమలో వేడివేడి రాగి సంగటి నాటుకోడి పులుసులో అద్దుకుని తింటే ఎవరికి చేదు? కానీ మనవాళ్లకి రాగి బిస్కెట్టే కావాలి. మన దేశంలో ప్యాకెట్ మీద ఏది ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలి కదా, నిన్న ఒకటి తిప్పి చూశా. మొదట మైదా, తర్వాత పంచదార, ఆ తర్వాత పామాయిలు. రాగులు బొమ్మలో బోలెడున్నాయి.