కయాక్‌ను తొడుక్కోవాలి: పడవలో, తెడ్డులో ఏ భాగం ఎందుకుంది

కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు చివర్లా బ్లేడున్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ కయాక్. అది కొనబోతూ అందరూ ముందు చూసేది పొడవు, రంగు, బరువు. నీళ్ళ మీద రెండు గంటలు గడిచాక బయటపడేవి వేరే సంగతులు: నడుం పట్టేయడం, కాళ్ళు తిమ్మిరెక్కడం, గాలికి పడవ మూతి ఒకే పక్కకు తిరిగిపోతుండటం, మణికట్టు సలపడం. వీటిలో చాలావాటికి మూలం ఏదో ఒక భాగం మన ఒంటికి సరిగ్గా అమరకపోవడమే. అందుకే బొమ్మ చూసి పేర్లు బట్టీ పట్టేకంటే, ఏ భాగం ఒంటికి ఎక్కడ ఆనుతుంది, నీటికి ఎక్కడ తగులుతుంది అన్న లెక్కన నేర్చుకుంటే మనసులో నిలుస్తుంది.

ఆర్కిటిక్ తీరాల్లో ఇన్యూట్ వేటగాళ్ళు కెరటాలకు కొట్టుకొచ్చిన కొయ్యలతోనో ఎముకలతోనో చట్రం కట్టి, దాని మీద సీల్ చర్మం బిగించి కయాక్ చేసుకునేవాళ్ళు. కొలతలన్నీ ఒంటితోనే. పొడవు మూడు బారలు. వెడల్పు తుంటికి రెండు పిడికిళ్ళు కలిపినంత. లోతు పిడికిలి మీద బొటనవేలు నిలబెట్టినంత. చొక్కా కుట్టించుకున్నట్టే ఎవరి పడవ వాళ్ళకే. ఇవాళ అచ్చులో పోసిన ప్లాస్టిక్ కయాక్ అందరికీ ఒకే కొలతతో వస్తుంది కాబట్టి లోపల సీటు, ఆనికలు జరుపుకునే వీలు పెడతారు. ఆ వీలును వాడుకోకుండా కూర్చుంటే పక్కింటివాళ్ళ చెప్పులు వేసుకుని కొండెక్కినట్టే ఉంటుంది.

బయటి నుంచి మొదలుపెడదాం. ముందు కొస బో, వెనక కొస స్టెర్న్, పైకప్పు డెక్, నీటిలో ఆనే అడుగు హల్. సముద్రానికి వాడే కయాక్ సాధారణంగా 5 మీటర్లు, ఆపైన ఉండి, 53 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. చెరువుల్లో సరదాగా తిరిగేది 3 మీటర్ల అటూఇటూ ఉండి, 70 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. పొడుగ్గా సన్నగా ఉన్నది తిన్నగా, వేగంగా పోతుంది. పొట్టిది చటుక్కున తిరుగుతుంది. అడుగుభాగాన్ని పక్కనుంచి చూస్తే అరటిదొప్పలా రెండు కొసలూ పైకి లేచి కనిపించే వంపును రాకర్ అంటారు. అది ఎక్కువైనకొద్దీ పడవ తేలిగ్గా తిరుగుతుంది, తిన్నగా నడిపించడమే కష్టం.

అడుగు బల్లపరుపుగా ఉన్న పడవ ఎక్కగానే కదలకుండా నిలబడుతుంది, కొత్తవాళ్ళకు ధైర్యంగా ఉంటుంది. కానీ ఒక హద్దు దాటి ఒరిగితే చెప్పాపెట్టకుండా బోల్తా కొడుతుంది. గుండ్రటి అడుగు గానీ, కొద్దిగా వి ఆకారంలో ఉన్న అడుగు గానీ మొదట్నుంచీ ఊగుతూనే ఉంటుంది, అయినా బాగా ఒరిగాక కూడా అక్కడ ఆసరా దొరుకుతుంది. అలలున్న చోట ఈ రెండోదే మేలు. దుకాణంలో కూర్చుని ఊపి చూసి నిర్ణయిస్తే ఎప్పుడూ మొదటిదే నచ్చుతుంది, జాగ్రత్త.

ఇక అసలు చోటు, మనం దిగి కూర్చునే గుంట, కాక్‌పిట్. దాని చుట్టూ పైకి లేచి ఉండే అంచు కోమింగ్. లోపల ఒంటికి ఆనే చోట్లు ఐదు: పిరుదులు, నడుం, తొడలు, మోకాళ్ళు, పాదాలు. సర్దుకోవడం నేల మీదే, పడవ కింద గడ్డి గానీ మెత్తటి గుడ్డ గానీ ఉన్నప్పుడు చేయాలి.

ముందు సీటులో పూర్తిగా వెనక్కి జరిగి కూర్చోండి. వెనక పట్టీ నడుం కింది భాగంలో, కటి ఎముక పై అంచు దగ్గర ఆనాలి. వీపు మధ్యకు వచ్చిందంటే మరీ ఎత్తులో ఉన్నట్టు. అప్పుడు మనిషి కుర్చీలో జారగిలబడినట్టు వెనక్కి వాలిపోతాడు, మొండెం తిరగదు, భారమంతా భుజాల మీద పడుతుంది. తర్వాత మోకాళ్ళను కొద్దిగా మడిచి బయటికి తెరిచి, మడమలను మధ్యకు తెచ్చి, వేళ్ళ మొదట్లో ఉండే పాదం మెత్త ఆనేలా పాదాల ఆనికలను జరపండి. రెండు పక్కలా అవి ఒకే గాడిలో ఉన్నాయో లేదో ఒక కొస నుంచి లెక్కపెట్టి చూసుకోవాలి. ఒక్క గాడి తేడా ఉన్నా నడుం ఒక పక్కకు మెలిపడి, గంటలో నొప్పి మొదలవుతుంది.

ఇప్పుడు పాదాలతో నొక్కితే తొడలు పైకి లేచి డెక్ కింద ఉన్న తొడ ఆనికలకు గట్టిగా తగలాలి. వదులు చేస్తే వేలు దూరేంత సందు మిగలాలి. ఎప్పుడూ బిగుసుకునే ఉంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అసలు తగలకపోతే పడవ మీ మాట వినదు. మోకాలి లోతు నీటిలో చిన్న పరీక్ష చేసి చూడండి: మొండెం నిటారుగా ఉంచి ఒక్క మోకాలిని పైకి ఎత్తితే పడవ రెండో పక్కకు ఒరగాలి. అలా ఒరిగితే పడవను తొడుక్కున్నట్టు. మోకాలు ఒక్కటే లేచి పడవ కదలకపోతే ఆనికలు ఇంకా సర్దాలి. చివరగా చేతులతో కోమింగ్‌ను తోసి కాళ్ళు ఎక్కడా ఇరుక్కోకుండా ఒక్క ఊపున బయటికి వస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఈ చివరి మెట్టు మాత్రం దాటవేయకండి.

నడుముకు తొడుక్కుని, నీళ్ళు లోపలికి రాకుండా కాక్‌పిట్ మీద కప్పే గుడ్డ స్ప్రే స్కర్ట్. నైలాన్‌ది వదులుగా, గాలాడుతూ ఉంటుంది. సాగే రబ్బరు లాంటి నియోప్రీన్‌ది బిగుతుగా ఉండి నీటిని బాగా ఆపుతుంది. తొడిగేటప్పుడు మొదట వెనక అంచు, ఆపైన పక్కలు, చివర ముందు భాగం. ముందు కొసన ఒక పట్టీ ఉంటుంది, దాన్ని లాగితేనే స్కర్ట్ ఊడుతుంది. ఆ పట్టీ లోపలికి మడుచుకుపోతే బోల్తాపడ్డాక చేతికి అందదు. ఇంతకంటే ప్రమాదకరమైన చిన్న పొరపాటు కయాకింగ్‌లో నాకు తోచదు. ఒడ్డు వదిలే ముందు ప్రతిసారీ ఆ పట్టీని చేత్తో తాకి చూడాలి.

సీటు వెనకా పాదాల ముందూ అడ్డంగా ఉండే గోడలు బల్క్‌హెడ్‌లు. వాటి అవతలి గదులకు పైనుంచి ఉన్న మూతలు హ్యాచ్‌లు. జనం ఆ గదులను సామాను అరలు అనుకుంటారు గానీ వాటి అసలు పని పడవను తేల్చడం. నీళ్ళు కాక్‌పిట్ వరకే ఆగిపోతాయి. గోడలు లేని పడవ నిండితే వంద లీటర్లు దాటి పడుతుంది, లీటరుకో కిలో చొప్పున ఆ బరువును నీళ్ళ మధ్యలో ఎవరూ ఎత్తలేరు. గోడలు లేని పడవైతే రెండు కొసల్లోనూ గాలి సంచులు బిగించి తీరాలి. ప్లాస్టిక్ పడవల్లో గోడ చాలాసార్లు ఫోమ్ ముక్కే, అంచుల్లో సీలెంట్ పూసి అతికిస్తారు. పడవ వంగీ లేచీ ఆ అతుకు వదులుతుంది. హ్యాచ్ గదిలో ఐదు లీటర్ల నీళ్ళు పోసి, పడవను వాల్చి, కాక్‌పిట్‌లోకి చెమ్మ వస్తుందేమో చూస్తే సంగతి తెలిసిపోతుంది. కొన్ని గోడలకు సూదిమొన దూరేంత రంధ్రం ఉంటుంది. అది లోపం అనుకుని పూడ్చేయకండి. ఎండకు లోపలి గాలి వ్యాకోచించి మూత ఊడిపోకుండా పెట్టింది అది.

డెక్ అంచుల వెంట సాగకుండా బిగించి ఉన్న తాడు చేత్తో పట్టుకోవడానికి. మధ్యలో అడ్డదిడ్డంగా ఉన్న సాగే తాళ్ళు మ్యాపు, అదనపు తెడ్డు పెట్టుకోవడానికి. నీటిలో పడ్డవాళ్ళు కంగారులో సాగే తాడునే పట్టుకుంటారు, అది సాగుతుంది, పడవ అలకు దూరమైపోతుంది. రెండింటి తేడా చేతికి అలవాటు కావాలి.

నీళ్ళ కింద ఉండే రెండు భాగాల గురించి అపోహలు ఎక్కువ. వెనక అడుగున గాడిలోంచి కిందికి దిగే రెక్క స్కెగ్. తోక దగ్గర తగిలించి, పెడళ్ళతో అటూఇటూ తిప్పేది రడ్డర్, మన చుక్కాని. స్కెగ్ మలుపు తిప్పదు. పక్కగాలిలో ముందుకు పోతున్న కయాక్ మూతి గాలివైపు తిరుగుతుంది. ఎందుకంటే ముందు కొసను అది చీల్చుకుపోతున్న నీళ్ళే పట్టి ఉంచుతాయి, తోకకు ఆ పట్టు ఉండదు, గాలి దాన్ని నెట్టేస్తుంది. స్కెగ్ దించితే తోకకూ పట్టు దొరుకుతుంది. మూతి గాలివైపు తిరుగుతుంటే పావు వంతు దించండి, ఇంకా తిరుగుతుంటే సగం. మరీ దించితే మూతి గాలి పోయే వైపుకు మళ్ళిపోతుంది, అప్పుడు కొంచెం పైకి లాగాలి. ఇది ఆన్, ఆఫ్ స్విచ్చులా వాడేది కాదు, రేడియో శబ్దం సర్దుకున్నట్టు సర్దుకోవాలి.

స్కెగ్ చెడిపోయేది ఎక్కువగా ఒడ్డునే. బయల్దేరేటప్పుడు గాడిలో గులకరాయి ఇరుక్కుంటుంది. పడవలో కూర్చుని స్కెగ్‌ను దించే మీటను బలంగా తోస్తే, మీటను రెక్కకు కలిపే తీగ మెలిపడుతుంది, ఇక ఆ తీగను మార్చాల్సిందే. రెక్క కింది మూలన చిన్న రంధ్రం చేసి, నాలుగంగుళాల దారం ముడివేసి ఉంచితే పక్కవాళ్ళు చేత్తో లాగి దించగలరు, మీటతో కుస్తీ ఉండదు. చుక్కానితో వేరే చిక్కు: పాత రకంలో పెడల్ మొత్తం జారుతుంది కాబట్టి పాదానికి గట్టి ఆసరా పోతుంది. కింద స్థిరంగా ఉండి పై భాగం మాత్రమే వంగే పెడళ్ళు దొరికితే అవే తీసుకోవాలి.

పైన కూర్చునే రకం కయాక్‌లలో కాక్‌పిట్ ఉండదు. కూర్చునే చోటు నీటి మట్టం కంటే ఎత్తులో ఉంటుంది, కిందికి ఆరపార ఉన్న స్కప్పర్ రంధ్రాల గుండా పడ్డ నీళ్ళు వాటంతటవే పోతాయి. ఆ రంధ్రాల్లో ఊచలు గుచ్చి చక్రాల బండి మీద లాగితే పడవ బరువంతా రంధ్రం గోడ మీద పడి, అక్కడ సన్నటి పగులు వస్తుంది. పడవ లోపలికి నీరు చేరుతుంటే ముందు అక్కడే వెతకండి.

ఇక తెడ్డు. మధ్య కర్ర షాఫ్ట్, రెండు చివర్లా బ్లేడ్లు, కర్రను రెండుగా విడదీసే అతుకు ఫెరూల్, చేతి మీదికి నీరు కారకుండా ఉండే రబ్బరు గాజులు డ్రిప్ రింగులు. గాజులను బ్లేడు మెడకు బెత్తెడు దూరంలో ఉంచాలి. మరీ దగ్గర పెడితే నీటిలో మునిగి, నీళ్ళను ఎత్తి తెచ్చి మీ ఒళ్ళోనే పోస్తాయి.

బ్లేడును దగ్గరగా చూడండి. ఒక ముఖం కొద్దిగా లోపలికి వంగి ఉంటుంది. అది పవర్ ఫేస్, నీటిని లాగేది అదే, అది మీవైపు ఉండాలి. ఎక్కువ తెడ్లలో బ్లేడు కొస ఏటవాలుగా కోసినట్టు ఉండి, ఒక అంచు పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఉంటుంది. పొడుగు అంచు పైకి ఉండాలి. బ్లేడు మీద అక్షరాలుంటే అవి సాధారణంగా తిన్నగా చదవగలిగేలా ఉంటాయి, అదే సులువైన గుర్తు. ఈ కోత అందానికి పెట్టింది కాదు. తెడ్డు నీటిలోకి వాలుగా దిగుతుంది కాబట్టి కింది అంచు ముందు మునుగుతుంది. కింది మూల తగ్గించడం వల్ల కర్రకు పైనా కిందా నీటి ఒత్తిడి సమానం అవుతుంది. తెడ్డును తలకిందులుగా పట్టుకుంటే ఒత్తిడి ఒక పక్కే పడి, ప్రతి లాగుకూ బ్లేడు చేతిలో మెలితిరుగుతుంది. దాన్ని ఆపడానికి పిడికిలి బిగిస్తాం, బిగించిన పిడికిలితో కొన్ని వందల లాగులయ్యేసరికి మణికట్టు వాస్తుంది. కొత్తవాళ్ళ మణికట్టు నొప్పికి నేను ముందుగా అడిగే ప్రశ్న తెడ్డు ఎటు పట్టుకున్నారనే.

రెండు బ్లేడ్ల మధ్య కోణం ఫెదర్. ఫెరూల్ దగ్గర రంధ్రాలు మార్చి దీన్ని సర్దుకోవచ్చు. 60 డిగ్రీలు పెడితే గాలిలో ఉన్న బ్లేడు ఎదురుగాలిని అంచుతో కోస్తుంది, బదులుగా ప్రతి లాగుకూ కర్రను తిప్పాలి. కుడి చేయి పట్టు వదలదు, ఎడమ చేతిలో కర్ర వదులుగా తిరుగుతుంది. ఎడమ చేతినీ బిగించేస్తే మళ్ళీ మణికట్టుకే చేటు. మొదట్లో సున్నా గానీ 30 గానీ చాలని నా అభిప్రాయం.

తెడ్డు పొడవు పడవ వెడల్పును బట్టి. 60 సెంటీమీటర్లలోపు పడవకు మామూలు ఎత్తు మనిషికి 210 నుంచి 220 సెంటీమీటర్ల తెడ్డు, 60 నుంచి 70 వెడల్పుకు 220 నుంచి 230, 75 దాటితే 240 నుంచి 250. పొట్టిదైతే బ్లేడు అందక పక్కకు వంగాలి, వేళ్ళు డెక్‌కు కొట్టుకుంటాయి. మరీ పొడుగైతే బ్లేడు పడవకు దూరంగా పోయి, మూతి అటూఇటూ ఊగుతుంది. చేతులు ఎక్కడ పట్టుకోవాలో తెలియాలంటే తెడ్డును నెత్తి మీద అడ్డంగా పెట్టుకోండి: మోచేతులు 90 డిగ్రీలకు మడిచినప్పుడు చేతులున్న చోటే సరైన పట్టు. అక్కడ టేపు ముక్క చుట్టి ఉంచితే అలసిపోయాక చేతులు జరిగినా తెలుస్తుంది.

తేలికైన తెడ్డు కొనడంలో డబ్బు పొదుపు వద్దు. అల్యూమినియం కర్ర, ప్లాస్టిక్ బ్లేడు తెడ్డు ఒక కిలో దాటుతుంది. కార్బన్‌ది 700 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. నిమిషానికి 50 లాగుల చొప్పున గంటకు 3000. లాగుకు 300 గ్రాముల తేడా అంటే గంటలో భుజాలు ఎత్తిన అదనపు బరువు 900 కిలోలు. డబ్బు పరిమితమైతే పడవలో తగ్గించుకుని తెడ్డులో పెట్టమంటాను.

ఇంటికొచ్చాక ఫెరూల్‌ను విడదీసి, మంచినీళ్ళతో లోపలా బయటా కడిగి, రెండు ముక్కలనూ విడివిడిగానే ఆరబెట్టండి. ఉప్పు, ఇసుక చేరి ఒక్క వారం అలా వదిలేస్తే ఊడిరానంతగా పట్టేసుకోవచ్చు. తేలిగ్గా జారుతుందని గ్రీజు మాత్రం పూయకండి, దానికి ఇసుక అంటుకుని అతుకును అరగదీస్తుంది. అతుకు అరిగి తెడ్డు మధ్యలో టకటకమని ఆడుతుంటే, చాలాసార్లు ఆ తెడ్డుకు మరో కర్ర వెతుక్కోవాల్సిందే.