కార్లాఫ్ వాళ్ల అన్నయ్యలు

మా అమ్మాయి హైస్కూల్లో డ్రామా క్లబ్‌లో చేరినప్పటి నుంచి శనివారం రాత్రి మా ఇంట్లో పాత దెయ్యాల సినిమాలే. అలా పరిచయమైన మనిషి బోరిస్ కార్లాఫ్. 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో చదును నెత్తితో, మెడకి బోల్టులతో కనిపించే ఆ రాక్షసుడు ఈయనే. మాటల్లేవు, మూలుగులే. అయినా భయం కన్నా జాలే ఎక్కువ వేస్తుంది. ఆ మేకప్‌కి రోజూ నాలుగు గంటలు పట్టేదట.

అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887లో లండన్‌లో పుట్టాడు. అమ్మ వైపూ నాన్న వైపూ భారతీయ మూలాలున్నాయి. తండ్రి బ్రిటిష్ ఇండియా ఉప్పు శాఖలో ఉద్యోగం చేశాడు. కార్లాఫ్ ఆ సంగతి బయట పెద్దగా చెప్పుకోలేదు. కానీ ఆ చామనఛాయ వల్లే మూకీ సినిమాల్లో అరబ్బు, ఇండియన్ వేషాలు దొరికాయి. ‘‘అయితే మనవాడేనన్నమాట!’’ అన్నాను. ‘‘నీకు అందరూ మనవాళ్లేలే నాన్నా’’ అంది మా అమ్మాయి.

నాకు గుచ్చుకున్నది వేరే. అన్నలు పెద్ద ఉద్యోగస్తులు. ఒకాయనైతే చైనాలో బ్రిటిష్ కాన్సులేట్ అధికారి. తమ్ముడూ ఆ దారిలోనే వెళ్తాడని అందరూ అనుకున్నారు. ఈయనేమో కింగ్స్ కాలేజీ చదువు వదిలేసి 1909లో కెనడా చెక్కేశాడు. ఊరూరా నాటకాలు, అవి లేనప్పుడు కూలిపని, లారీ డ్రైవింగ్. పేరొచ్చేసరికి 44 ఏళ్లు. ఈ లెక్క హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మకి మాత్రం చెప్పలేదు. ఆవిడ ఇప్పటికే ‘‘నాటకాలేంట్రా? పిల్ల డాక్టరు చదువుతానంది కదా!’’ అని టెన్షన్ పడుతోంది.

1933లో సినిమా పని మీద ఇంగ్లండ్ వెళ్లినప్పుడు, అన్నలు పరువు తీశానంటారేమోనని కార్లాఫ్ భయపడ్డాడట. తీరా చూస్తే ఆ పెద్దమనుషులు ఆయన పక్కన ఫొటోకి నిలబడటానికి పోటీపడ్డారట! హాలీవుడ్ నటుల యూనియన్ పెట్టినవాళ్లలో ఈయన ఒకడు, అదీ ఆ ఏడాదే. ఇది మా అమ్మాయి వాదనలో కొత్త పాయింటు: ‘‘ఆర్టిస్టులకీ హక్కులుంటాయి నాన్నా.’’

వచ్చే వారం స్కూల్లో నాటకం. మా అమ్మ వీడియో కాల్‌లో చూస్తానంది. ఏ వేషమని అడిగితే మంత్రగత్తె అన్నాను. ‘‘అందరి కళ్లూ దానిమీదే ఉంటాయిరా, ఇంటికి రాగానే దిష్టి తీయండి’’ అంది.